హకుయిన్ ఆచార్యుని జీవితము: ధ్యానమును చిత్రరచనయు

ఉపక్రమము

సంస్కృతమందలి ధ్యానశబ్దము పాలిభాషలో ఝానమయి, చీనాదేశమున చాన్ అయి, జపానుదేశమున జెన్ అయినది. ఈ సంప్రదాయమువారు తమ గురుపరంపరను శాక్యముని శిష్యుడగు మహాకాశ్యపునితో ఆరంభించి, ఆచార్య నాగార్జునుని పదునాలుగవ వానిగను, దక్షిణభారతము నుండి చీనాకు వెళ్లినట్లు చెప్పబడు బోధిధర్ముని ఇరువదియెనిమిదవ వానిగను గణింతురు. నాగార్జునుని పేరు శ్రీపర్వతముతో ముడివడి యుండుటచేత ఈ పరంపర ఆంధ్రదేశమువారికి కేవలము పరాయిది కాదు.

ధ్యానమునకును చిత్రరచనకును గల సంబంధము భారతీయులకు చిరపరిచితము. కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున ద్వితీయాంకమందు, మాళవికను ప్రత్యక్షముగా చూచిన అగ్నిమిత్రుడు, చిత్రమున ఆమె సౌందర్యము పూర్తిగా దిగకపోవుటకు చిత్రకారుని సమాధి సడలుటయే కారణమని తలచును. ప్రతిమా నిర్మాత ధ్యానపరుడు కావలెనని శుక్రనీతిసారము విధించుచున్నది. ఈ రెండింటను ధ్యానము సాధనము, చిత్రము సాధ్యము. కాని చిత్రకళను ధ్యానముకొఱకు విడిచి, ధ్యానము పండిన పిదప దానినే లోకహితమునకై మరల చేపట్టిన వాని చరిత్ర వేఱు మార్గమును చూపుచున్నది. అట్టివాడు జపానుదేశీయుడైన హకుయిన్ ఎకాకు. నేడు పెక్కు దేశములందు కొలదిదినముల ఏకాంతవాసములలో ధ్యానమును చిత్రరచనను కలిపి అభ్యసించుచున్నారు. అట్టి అభ్యాసమునకు మూలమేదియో, దాని నియమమేదియో తెలియుటకు ఈ మహనీయుని జీవితము పరిశీలింపదగినది.

జననము, బాల్యము

హకుయిన్ 1686వ సంవత్సరము జనవరి 19వ తేదీన సురుగ ప్రాంతమందలి హరా గ్రామమున జన్మించెను. ఎడో, క్యోటో నగరములను కలుపు టోకాయిడో రాజమార్గమునందలి యాబదిమూడు మజిలీలలో హరా పదుమూడవది. 3,776 మీటర్ల యెత్తుగల ఫుజి పర్వతము ఆ గ్రామమునకు నిత్యదర్శనీయము. బాల్యమున ఈతని పేరు ఇవాజిరో. తల్లి నిచిరెన్ శాఖయందు భక్తిగలది.

బాలుడుగా నున్నప్పుడు ఒక నిచిరెన్ భిక్షువు నరకయాతనలను వర్ణించుచు చేసిన ప్రవచనమును ఇవాజిరో వినెను. ఆ భయము వాని హృదయమున నాటుకొనెను. ఒకనాడు స్నానజలము కాచుటకై క్రింద మంట పెట్టగా, ఆ జ్వాలల ధ్వని విని బాలుడు నరకాగ్నియే తనకై వచ్చినదని గజగజ వణకి ఏడ్చెనట. తల్లి వానిని తెంజిన్ అను దేవతను కొలువుమని ఓదార్చెను. తెంజిన్ విద్యకును లిపిలేఖనమునకును అధిదేవత. నరకభీతి, అక్షరదేవతారాధనము అను ఈ రెండును ఆతని జీవితమున కడవఱకు విడువని సూత్రములయ్యెను.

ప్రవ్రజ్య, సంశయము

ఆ భయమునుండి విముక్తి కోరి 1699లో ఇవాజిరో స్వగ్రామమందలి షోయిన్‌జి విహారమున తన్‌రేయి అను గురువునొద్ద శిరోముండనము చేయించుకొని ఎకాకు అను భిక్షునామమును పొందెను. కొలదికాలమునకే సద్ధర్మపుండరీక సూత్రమును ఆసక్తితో పఠించెను. కాని అందు కథలును ఉపమానములును తప్ప తాను వెదకు తత్త్వము కానరాలేదని నిరాశ పొందెను. ఈ నిరాశను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఇరువదియైదేండ్లకు పైగా గడచిన పిదప ఆతడు అదే గ్రంథమునొద్దకు మరల వచ్చును.

పందొమ్మిదవ యేట షిమిజు పట్టణమందలి జెన్‌సోజి విహారమున నుండగా మఱియొక పెద్ద సంశయము కలిగెను. చీనాదేశమున తాంగ్ వంశకాలపు గురువు యాంటౌ బందిపోట్ల చేతిలో హతుడయ్యెననియు, ఆతని ఆర్తనాదము క్రోసుల దూరము వినబడెననియు అచ్చట వినెను. అంతటి జ్ఞానియే చోరుల కత్తినుండి తన్ను తాను కాపాడుకొనలేనపుడు, మరణానంతరము నరకమునుండి తననెవరు కాపాడుదురు? ధ్యానమార్గమందు విశ్వాసము సడలెను. ఎటులైనను నరకము తప్పదు గదా, ఉన్నంతకాలము కవిత్వమునందును, లేఖనచిత్రకళలయందును ప్రొద్దుపుచ్చుట మేలని నిశ్చయించి, మినో ప్రాంతమున జుయిఉన్‌జి విహారమందలి బావో అను కవిపండితునొద్ద చేరెను. కళ ఆతనికి మొదట సాధనగా రాలేదు, నిరాశకు ఆశ్రయముగా వచ్చెను.

ఒకనాడు ఆ విహారమందలి గ్రంథములను ఎండబెట్టుటకై ముంగిట పఱచిరి. ఏ మార్గము ననుసరింపవలెనో తెలుపుమని ప్రార్థించి, ఎకాకు కన్నులు మూసికొని ఒక గ్రంథమును చేతికి తీసికొనెను. అది మింగ్ వంశకాలపు భిక్షువు జుహుంగ్ ధ్యానసాధకులకై కూర్చిన సంకలనము. విప్పిన పుటలో, పూర్వగురువొకడు రాత్రి ధ్యానమున నిద్ర కమ్ముకొని రాగా సూదితో తన తొడను పొడుచుకొని మేల్కొనుచుండెనను వృత్తాంతము కనబడెను. దానితో ఆతని పట్టుదల మరల చిగిర్చెను.

తూలికాత్యాగము

1706వ సంవత్సరమున ఎకాకు షికోకు ద్వీపమందలి మత్సుయామా పట్టణమున నుండెను. అచ్చట భిక్షువులకు భిక్షచేసిన ఒక గృహస్థు తన యింటనున్న లేఖనములను చూపుచు, వానిలో ఒకదానిని మాత్రము పట్టువస్త్రములలో చుట్టి, పెట్టెలో భద్రముగ దాచియుంచినదానిని భక్తితో వెలికితీసెను. అది 1669లో దివంగతుడైన దైగు సోచికు అను గురువు వ్రాసినది. అందు లేఖనకౌశల మేమియు విశేషముగా లేదు. అయినను చూపఱులందఱు దానికే శిరసు వంచిరి. ఎకాకు దానిని చాలసేపు తేఱిపాఱ చూచెను. ఆ గౌరవము వ్రాతలోని నేర్పునకు కాక వ్రాసినవాని తపస్సునకు చెందుచున్నదని ఆతనికి స్ఫురించెను.

విహారమునకు తిరిగివచ్చి, అదివఱకు తాను శ్రమపడి చేర్చుకొన్న లేఖనములను, చిత్రములను, అభ్యాసపుస్తకములను అగ్నికి ఆహుతి గావించెను. ఈ దహనము కళయందలి ద్వేషముచే చేసినది కాదు. హస్తకౌశలము హృదయపరిపాకమును మించి పోయినచో అది అహంకారమునకే ఆలంబనమగునని ఆతడు గ్రహించెను. కళ నిషిద్ధమని యనక, తాను దాని కింకను అధికారిని కానని తలచెను. అధికారిభేద విచారము తెలిసిన శాస్త్రజ్ఞులకు ఈ వివేకము సుబోధము.

ఉగ్రసాధన, వ్యాధి

1707 డిసెంబరు 16న ఫుజి పర్వతము అగ్నిని వెడలగ్రక్కెను. భూమి కంపించి షోయిన్‌జి కట్టడములు ఊగిపోవుచుండగా తక్కినవారు బయటికి పరువిడిరి. ఎకాకు ఒక్కడు మాత్రము ధ్యానమంటపమున కదలక కూర్చుండెనని చరిత్రకారులు చెప్పుదురు. మఱుసటి సంవత్సరము ఎచిగో ప్రాంతమున ఎయిగన్‌జి విహారమందు ఏకాంతసాధన చేయుచుండగా, ఒక రాత్రి దూరమునుండి వినవచ్చిన ఘంటానాదముతో ఆతని సంశయగ్రంథి విడిపోయెను. పూర్వము తన్ను కలవరపెట్టిన యాంటౌ నేటికిని క్షేమముగ నున్నాడని ఆనందముతో కేకవేసెను. కాని ఆ అనుభవముతోపాటు గర్వమును వచ్చెను. ఇట్టి జ్ఞానము మూడువందల యేండ్లలో ఎవరికిని కలుగలేదని తలచెనట.

ఆ గర్వమును అణచినవాడు ఈయామా గ్రామమందలి వృద్ధగురువు షోజు. ఎనిమిది నెలలపాటు ఆ గురువు ఎకాకును పరిహసించి, త్రోసి, ఆతని సమాధానము లన్నిటిని తిరస్కరించెను. ఒకనాడు భిక్షకై ఒక యింటిముందు నిలిచి ఆలోచనలో మునిగి కదలకున్న ఎకాకును ఇంటివారు చీపురుతో మోదిరి. స్పృహ తప్పి పడి లేచినప్పుడు, గురువడిగిన ప్రశ్నలకు సమాధానము ఆతనికి దొరకెను. షోజు చిఱునవ్వుతో ఆమోదించినను, అది చాలదని ముందునకు నడువుమనెను.

తీవ్రసాధనచే పిమ్మట ఆతని శరీరము చెడెను. శిరస్సు మండుచు, కాళ్లు మంచువలె చల్లబడి, చెవులలో హోరు పుట్టి, నిద్ర దూరమయ్యెను. ఈ ధ్యానరోగమునకు చికిత్స కోరి క్యోటో సమీపమున షిరాకావా కొండగుహలో నివసించు హకుయు అను తపస్విని ఆశ్రయించితినని, 1757లో వెలువడిన యాసెన్ కన్నా అను గ్రంథమున ఆతడు వ్రాసికొనెను. చిత్తమును నాభిక్రింది స్థానమున నిలుపుటయు, బాతుగ్రుడ్డంత నవనీతఖండము శిరస్సుపై నున్నట్లు భావించి అది కరగి సర్వాంగములను తడుపుచు పాదములకు దిగుచున్నట్లు చింతించుటయు ఆ తపస్వి ఉపదేశించిన పద్ధతి. ఆ గ్రంథమందలి కాలగణన హకుయు మరణకాలముతో పొసగకపోవుటచే ఈ వృత్తాంతము కొంత కల్పితమని పరిశోధకులు తలంతురు. అయినను చిత్తముచే ఒక రూపమును కల్పించి, ఆ రూపముచే శరీరమును స్వస్థపఱచుట అనునది గమనింపదగినది. మనసున చిత్రించుటయే ధ్యానమైన సందర్భమిది.

1715 మొదలు సుమారు రెండేండ్లు మినో ప్రాంతమందలి ఇవాతకి పర్వతమున చిన్నకుటీరములో అత్యల్పాహారముతో ఏకాంతవాసము చేసెను. తండ్రి అస్వస్థుడై పిలిపింపగా ఆ ఏకాంతమును విడిచి స్వగ్రామమునకు తిరిగివచ్చెను.

షోయిన్‌జి, మహాబోధ

1717లో ఎకాకు షోయిన్‌జి విహారాధిపతి యయ్యెను. అది అప్పటికి శిథిలమై పైకప్పు కారుచుండెను. 1718లో క్యోటోనందలి మ్యోషిన్‌జి మహావిహారము ఆతనికి ప్రథమాసనపదవి నొసగినప్పుడు హకుయిన్ అను నామమును స్వీకరించెను. హకు యనగా తెలుపు, ఇన్ అనగా దాగినది. అధికగౌరవముగల విహారములు దేశమున పెక్కులున్నను ఆతడు జీవితాంతము ఆ చిన్న గ్రామవిహారమునే తన స్థానముగా నుంచుకొనెను.

1726వ సంవత్సరమున శరత్కాలమందు ఒక రాత్రి, బాల్యమున తాను తేలికగా తీసివేసిన సద్ధర్మపుండరీకమును మరల విప్పి, ఔపమ్యపరివర్తమును చదువుచుండెను. మండుచున్న ఇంటిలో ఆటలలో మైమఱచిన పిల్లలను బయటికి రప్పించుటకై తండ్రి బండ్లనిత్తునని ఆశపెట్టిన కథ అందలిది. అప్పుడు కట్టడపు పునాదిరాళ్ల నడుమ ఒక కీచుఱాయి కూసెను. ఆ క్షణమున గ్రంథార్థము సంపూర్ణముగ తెల్లమై, హకుయిన్ బిగ్గఱగ ఏడ్చెను. కథలని తోసివేసినవే తత్త్వమని, అగ్నిలోని పిల్లలను వారికి ప్రియమైన రూపముతోనే పిలువవలెనని తెలిసెను. బోధిచిత్తమనగా ఇతరుల విముక్తికై పాటుపడుటయే యని ఆనాడు గ్రహించెను. సంస్కృత బౌద్ధవాఙ్మయము దేనిని ఉపాయకౌశల్య మనినదో అది ఆతనికి అనుభవమయ్యెను. స్నానజలపు మంటకు వణకిన బాలుడు అగ్నిగృహకథతో భయవిముక్తుడగుట ఆ జీవితమందలి పూర్ణవృత్తము.

తూలికాపునర్గ్రహణము

కాలక్రమమున షోయిన్‌జి కీర్తి వ్యాపించెను. 1740లో హకుయిన్ చీనాగురువైన షూటాంగ్ ఉపదేశసంగ్రహముపై వ్యాఖ్యానము చేయగా నాలుగువందలమందికి పైగా భిక్షువులు వచ్చిరి. చిన్నవిహారము చాలక పరిసరములందలి కుటీరములలోను, ఆలయములలోను తలదాచుకొని సాధన చేసిరి. శాక్యమునికి బోధి కలిగిన దినమును స్మరించుచు డిసెంబరు మొదటివారమున జరుపు రోహత్సు ఏకాంతసాధనకై ఆతడు చేసిన ఉపదేశములు నేటికిని రిన్జాయి శాఖా విహారములందు పఠింపబడుచున్నవి.

ఈ బోధనకాలముననే, ముఖ్యముగా అఱువదియేండ్లు దాటిన పిదప, నాడు దగ్ధము చేసిన కళను హకుయిన్ విరివిగా చేపట్టెను. ఏ చిత్రశాఖయందును ఆతడు క్రమశిక్షణ పొందినవాడు కాడు. తొలిరచనలు సన్ననిరేఖలతో జాగ్రత్తగ గీచినవి. వార్ధక్యమందలివి దట్టమైన మసితో, వెడల్పైన కుంచెదెబ్బలతో నిండినవి. క్రింద లేతగా గుర్తించిన రేఖలను లెక్కింపక కుంచె తన త్రోవను పోవుట, ప్రారంభమున పెద్దవిగ వ్రాసిన అక్షరములు చివరకు చోటు చాలక ఇమిడిపోవుట ఆతని రచనలలో కనబడును. ఆతడు వానిని దాచుటకుగాని దిద్దుటకుగాని యత్నింపలేదు. మత్సుయామాలో దైగు లేఖనమునందు చూచిన గుణము తన కుంచెయందే ఇట్లు ఫలించెను.

చిత్రవిషయములను పరిశీలించినచో వాని ప్రయోజనము తెల్లమగును. బోధిధర్ముని రూపమును ఆతడు లెక్కకు మిక్కిలిగ చిత్రించెను. ఓయితా పట్టణమందలి మంజుజి విహారమున నున్న ఎఱ్ఱవస్త్రపు బోధిధర్ముడు మానవప్రమాణమును మించిన మహాచిత్రము. విశాలములగు ఆ నేత్రములు చూపఱిని ఎదురు ప్రశ్నించుచున్నట్లుండును. నీటిలోని చంద్రబింబమును అందుకొనబోవు కోతి మఱియొక విషయము. దీనికి మూలకథ మహాసాంఘిక వినయమున కలదు. తిరుగలి యంచుపై చుట్టు తిరుగు చీమ సంసారచక్రమునకు గుర్తు. దుంగవంతెనపై తడవుకొనుచు దాటు అంధులు ఆవలియొడ్డు తెలియని సాధకులు. ఫుజి పర్వతము క్రింద సామంతప్రభువు పరివారముతో సాగిపోవు చిత్రమున, ఆ జనసమూహములో తలయెత్తి పర్వతమును చూచువారు అరుదు. ప్రభువుల ఆడంబరయాత్రలను హకుయిన్ తన వచనరచనలలోను విమర్శించెను. అవలోకితేశ్వరుడు, తల్లి చూపిన తెంజిన్, వీరితోపాటు ఓతఫుకు అను గ్రామీణస్త్రీయు ఆతని చిత్రములకు పాత్రులైరి.

కావ్యోపదేశము ప్రభుసమ్మితమును సుహృత్సమ్మితమును కాక కాంతాసమ్మితమని ఆలంకారికులు నిర్ణయించిరి. హకుయిన్ చిత్రములు అట్టివే. సూత్రము చదువనేరని రైతు, మార్గమున పోవు వర్తకుడు, వంటశాలయందలి స్త్రీ ముందు నవ్వుదురు, ఆపై ఆలోచింతురు. గ్రామీణునకు ఇచ్చినను ప్రభువునకు ఇచ్చినను ఆ కుంచెలో భేదము లేదు.

చిత్రమునకును ధ్యానమునకును గల సంబంధము ఒక ఆచారమున మిక్కిలి స్పష్టముగ కనబడును. రెండు చేతులు కలిసిన ధ్వని పుట్టును, ఒంటిచేతి ధ్వని యెట్టిదను ధ్యానప్రశ్నను హకుయిన్ తన వార్ధక్యమున రూపొందించెను. తొందిగల హోతెయి ఒకచేయి యెత్తి చూపుచున్నట్లు గీచి ఆ ప్రశ్ననే చిత్రముగ నొసగెను. ఆ ప్రశ్నను భేదించిన స్త్రీపురుషులకు, గృహస్థులకు సైతము, చేతికఱ్ఱ నాగరూపము దాల్చుచున్నట్లు చిత్రించి, వారి సిద్ధిని గూర్చి దానిపై వ్రాసి యిచ్చెను. ఇట్లు ప్రశ్నయు చిత్రమే, సిద్ధికి ప్రమాణపత్రమును చిత్రమే యయ్యెను. ఈ నడుమ సాధకుడు కూర్చుండి చేసిన ధ్యానము మాత్రము చిత్రముచే తీఱునది కాదు. అది ఎవనికి వాడు చేసికొనవలసినది. ప్రసిద్ధచిత్రకారుడు ఇకె నో తైగా 1751లో క్యోటోనందు హకుయిన్‌ను దర్శించి ఈ ఒంటిచేతి ప్రశ్ననే ధ్యానించెను. చిత్రకళలో సిద్ధహస్తుడైన వాడు కుంచెకై కాక ప్రశ్నకై ఆ గురువునొద్దకు వచ్చుట గమనార్హము.

కర్మమధ్యమున చేయు ధ్యానము నిశ్చలాసనమున చేయుదానికంటె అత్యంతశ్రేష్ఠమని 1749లో వెలువడిన ఒరతెగామా అను లేఖాసంపుటమున హకుయిన్ ప్రతిపాదించెను. ఏకాంతమున సాధించినది వ్యవహారమున నిలువనిచో అది నిజమైనది కాదని ఆతని అభిప్రాయము. ఆతనికి చిత్రరచన అట్టి కర్మలలో ఒకటి. ప్రజ్ఞాపారమితాహృదయమునకు వ్యంగ్యవ్యాఖ్యానము రచించుటయు, జానపదులకై పాటలు కూర్చుటయు ఈ కోవలోనివే.

నిర్యాణము, పరంపర

1760 ప్రాంతమున మిషిమా సమీపమున ర్యూతకుజి విహారము నెలకొల్పబడగా శిష్యుడైన తోరెయి దాని బాధ్యత వహించెను. గురుచరిత్రను సంవత్సరక్రమమున కూర్చినవాడును ఈ తోరెయియే. షోయిన్‌జియందు సుయివో ఉత్తరాధికారి యయ్యెను. ఈ శిష్యులిరువురును గురువువలెనే కుంచె పట్టినవారు. 1769 జనవరి 18న హకుయిన్ షోయిన్‌జియందే దేహము విడిచెను. నేటి రిన్జాయి గురువులలో దాదాపు అందఱును తమ పరంపరను ఆతనితోడనే ముడిపెట్టుదురు.

2009లో జపానునందు ప్రకటితమైన సంపుటములలో ఆతని చిత్రములును లేఖనములును వెయ్యికి పైగా చేర్పబడినవి. 2010లో న్యూయార్కునందు ఆతని రచనలకై ప్రత్యేకప్రదర్శనము జరిగెను. ఒకప్పుడు తన అభ్యాసపుస్తకములను నిప్పున వేసినవాని రచనలు ఇట్లు భద్రపఱచబడుట విచిత్రము.

ఉపసంహారము

హకుయిన్ జీవితమున కళకు మూడు దశలు కానవచ్చుచున్నవి. మొదటిది భయమునుండి తప్పించుకొనుటకై పట్టిన ఆశ్రయము. రెండవది అహంకారహేతువని తెలిసి చేసిన త్యాగము. మూడవది కరుణాప్రేరితమైన పునర్గ్రహణము. మొదటిదానికిని మూడవదానికిని సాధనమొకటే, కుంచె. కాని పట్టినవాడు వేఱు. తూలికాత్యాగమునకును పునర్గ్రహణమునకును నడుమ సుమారు నలువదియేండ్ల సాధన కలదు. శుక్రనీతి చెప్పిన ధ్యానము చిత్రమును నిర్దుష్టము చేయుటకు ఉద్దిష్టము. హకుయిన్ ధ్యానము చిత్రకారుని మార్చి, చిత్రమును దోషములతో కూడ లోకమున కొసగినది.

ఏకాంతవాసమున ధ్యానమును చిత్రరచనను కలిపి అభ్యసించువారికి ఈ చరిత్ర చెప్పునది ఇదియే. నలువదియేండ్లు వేచియుండవలెనని యెవరికిని విధి లేదు. కాని కుంచె చేపట్టునపుడు అది దేనికొఱకని తన్ను తాను ప్రశ్నించుకొనుట మాత్రము తప్పదు. పాండిత్యమునకును ఇదియే వర్తించును. శాస్త్రమందలి నేర్పు అభిమానమునకు ఆలంబనమైనచో అది ఎకాకు కాల్చిన పుస్తకముల వంటిది. పరులకు దారిచూపుటకై వినియుక్తమైనచో, తిరుగలిపై తిరుగు చీమవంటి చిన్నచిత్రమును శాస్త్రము చేయు పనిని చేయగలదు.